రత్నం చేతికి సెలవు

నేను హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధి ఆడవాళ్ళది ఒకటే ప్రశ్న: సినిమావాళ్ళను చూశావా? ఫిలింనగర్‌లో తొమ్మిది రోజులున్నదాన్ని, చూడకుండా ఎలా ఉంటాను? చూశాను. అయితే నేను చెప్పదలచుకున్నది వాళ్ళ సంగతి కాదు. ఒక్కొక్కరికీ కూర్చుని చెప్పే ఓపిక లేక, నా ఐదో తరగతి చదువుకు వచ్చినంత మట్టుకు రాస్తున్నాను. వెళ్ళనివాళ్ళు చదువుకోండి.

మా రెండో అమ్మాయి కూతురు రత్నం అక్కడ కొండ మీద ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. మూడేళ్ళుగా క్యాన్సర్ వార్డులో చేస్తోంది. ఆసుపత్రి పేరు రాయను. మొన్న వైశాఖంలో మా పెద్ద మనవడి పెళ్ళికి రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. అందరూ పందిట్లో నవ్వుకుంటుంటే ఇది గోడకు చేరబడి కూర్చుంది. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంది. మరి ఏమిటే అంటే, "ఏమీ లేదమ్మమ్మా, ఏదీ అనిపించట్లేదు" అంది.

కోపానికి, ఏడుపుకు నా దగ్గర మందు ఉంది. ఏదీ అనిపించకపోవడానికి మందేమిటో నాకు తెలియలేదు. నాట్లకు ఇంకా పదిహేను రోజులున్నాయనగా బయల్దేరాను.

బోరబండ దాకా

రైలు గురించి రాసేదేం లేదు. కూర్చున్నాను, దిగాను. రత్నం రాత్రి డ్యూటీ దిగి నేరుగా స్టేషనుకు వచ్చింది. నా చేతిలోని కొత్తావకాయ జాడీ, కందిగుండ డబ్బా, సున్నుండల డబ్బా అందుకుని, ఆటో ఎక్కుదామంది. ఆటో మీటరు మీద నాకు నమ్మకం లేదు. సిటీ బస్సే ఎక్కాం.

నాలుగు స్టాపులు దాటకముందే పిల్ల నా భుజం మీద వాలి నిద్రపోయింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగాలని ముందే చెప్పింది. కండక్టరు కూడా "చెక్‌పోస్ట్, చెక్‌పోస్ట్" అని రెండుసార్లు అరిచాడు. లేపుదామని చెయ్యెత్తాను. దాని కళ్ళ కింద నలుపు అంత దగ్గర్నుంచి చూసేసరికి, ఎత్తిన చెయ్యి తీసుకొచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను. బస్సు కదిలిపోయింది.

బోరబండ చేరాక బస్సంతా ఖాళీ అయింది. కండక్టరు వచ్చి, "ఏంది పెద్దమ్మా, చెక్‌పోస్ట్ కాడ దిగాలె గదా?" అన్నాడు.

"పిల్ల పడుకుంది నాయనా."

అతను రత్నం బ్యాగులోంచి తొంగిచూస్తున్న తెల్ల బట్టలు చూశాడు. "సిస్టరా? పండుకోనియ్యి. గిదే బస్సు మళ్ల పోతది, కూసో" అన్నాడు. జాలిపడ్డాడు కదా, టికెట్టు అడగడనుకున్నాను. అడిగాడు. ఇద్దరికీ కొట్టాడు. మొదట మండింది గానీ, ఆలోచిస్తే అదీ సబబే. జాలి జాలే, టికెట్టు టికెట్టే.

గుట్ట మీది గది

ఫిలింనగర్ అంటే మీరనుకునేట్టు ఊరంతా రంగులుండవు. ఎటు చూసినా బండలు. ఒకపక్క బండలు పగలగొట్టి మేడలు కడుతున్నారు. ఆ మేడల గేట్లకు కుక్క బొమ్మ, లోపల నిజం కుక్క. ఇంకోపక్క గుట్ట మీద మనలాంటి వాళ్ళ రేకుల ఇళ్ళు. మేడల మీద టీవీ గొడుగులున్నాయి, రేకుల మీద ఎండుమిరపకాయలున్నాయి. నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది. అది వచ్చినప్పుడు ఆడవాళ్ళు బిందెలతో పెట్టే పరుగు చూస్తే, పంటబోదె పక్కనే పుట్టిన నాకు కళ్ళు తిరిగాయి.

రత్నంది ఒకటే గది. గోడకవతల యాదమ్మ ఉంటుంది. నలభై ఏళ్ళుంటాయి, ఊరు జనగామ వైపు. సినిమాల్లో జనంలో నిలబడే పని. అందులోనూ ఈవిడ ఏడ్చే ఆడవాళ్ళ జట్టు. "శవం కాడ నేను లేకుంటే డైరెక్టరుకు పబ్బం గడవది పెద్దమ్మా" అని గొప్పగా చెప్పుకుంది. మొదటి రోజే గిన్నెలో పచ్చిపులుసు తెచ్చింది. పొయ్యి ఎక్కించకుండానే చింతపండు పిసికి, ఉల్లిపాయలు వేసి ఇచ్చేస్తారు. ఇదేం వంటమ్మా అనుకున్నాను. మూడో రోజుకి నేనే గిన్నె పట్టుకుని వెళ్ళాను. బదులుగా ఆవకాయ పెట్టాను. గోంగూర మాత్రం కొనలేదు. కట్ట రెండు రూపాయలట! మా దొడ్డి కంచె వెంట ఊరికే మొలిచేదాన్ని కొనుక్కు తింటే మా పెద్దలు ఏమనుకుంటారు?

మర్నాడు పొద్దున్న రత్నానికి క్యారేజీ కట్టాను. సాయంత్రం ఎలా కట్టానో అలాగే తిరిగొచ్చింది.

"అన్నం పారేస్తే కళ్ళు పోతాయే."

"టైం ఉండదమ్మమ్మా."

"ముద్ద మింగడానికి ఎంతసేపు పడుతుంది? నాట్లప్పుడు మేం నడుం ఎత్తకుండా పన్నెండు గంటలు చేసేవాళ్ళం. గట్టు మీద కూర్చుని తినేవాళ్ళం. పనికి భయపడితే పని మీదికెక్కుతుంది."

అది తల వంచుకుని విన్నది. తర్వాత సబ్బు తీసుకుని చేతులు కడుక్కుంది. కడిగిన చేతులే మళ్ళీ కడిగింది.

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు

తినకపోతే తినిపించి వస్తానని మూడో రోజు నేనే క్యారేజీ పట్టుకుని బయల్దేరాను.

ఆసుపత్రి వెనక పెద్ద రేకుల షెడ్డు ఉంది. జబ్బుమనిషి లోపల మంచం మీద ఉంటే, వెంట వచ్చినవాళ్ళు ఈ షెడ్డులో చాపలు వేసుకుని, కిరసనాయిలు స్టవ్వు మీద వండుకుంటారు. ఒక స్టవ్వు మీద జొన్నరొట్టె, ఒకదాని మీద ఉలవచారు, ఇంకోదాని మీద ఉప్మా. అన్ని జిల్లాల వాసనలూ అక్కడే. పాలమూరు వైపు నుంచి వచ్చిన లచ్చమ్మ నాకు చాప మీద చోటిచ్చింది. వాళ్ళాయనకు గొంతులో జబ్బు. రెండు నెలలుగా ఇక్కడే ఉంటోంది.

వార్డు తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాను. ముప్పై మంచాలు. వాటికి ఇద్దరు నర్సులు. కుర్చీ గానీ స్టూలు గానీ కనపడలేదు. తుడిచే ఆమెను అడిగితే, "నర్సులు కూర్చుంటే పేషంటు వాళ్ళు పైకి ఫిర్యాదు చేస్తున్నారని తీసేశారమ్మా" అంది. మా ఊళ్ళో కూలీకి కూడా గట్టు ఉంటుంది.

లచ్చమ్మ అక్కడి కష్టం చెప్పింది. క్యాన్సర్ మందు నరంలోకి ఎక్కిస్తారు. ఆ మందు నరాన్ని కాలుస్తుంది. నాలుగుసార్లు ఎక్కేసరికి నరం తాడులా గట్టిపడి సూదికి దొరకదు. వెతుకుతూ పొడిస్తే ప్రాణం పోయినంత పని. "సునీత అని కొత్త పిల్ల వచ్చింది. ఆమె సూది తెస్తే మావోడు చెయ్యి దాచుకుంటడు. రత్నం సిస్టర్ చెయ్యి పెడితే సూది పోయింది కూడ ఎరుకైతలేదు" అంది.

ఆ మాట వినగానే నేల మీద ఉన్నదాన్ని పల్లకీ ఎక్కాను.

"రత్నం ఎవరనుకున్నావు? నా మనవరాలు! పదేళ్ళప్పుడు నా కాల్లో తుమ్మముల్లు దిగితే, కథ చెబుతూ చెబుతూ తీసి నా చేతిలో పెట్టింది. నాకు తెలియనే లేదు. దానిది హస్తవాసి! అది ముట్టుకుంటే సగం జబ్బు పోతుంది."

పక్క చాపలవాళ్ళు కూడా దగ్గరికి జరిగారు. నేను ఇంకా గట్టిగా చెప్పాను. "ఎవరు సూది తెచ్చినా చెయ్యి ఇవ్వకండి. రత్నం సిస్టరే కావాలని పట్టుపట్టండి. అడిగితేనే గదా దొరికేది!"

నా జన్మలో చేసిన తెలివితక్కువ పనుల్లో ఇది పెద్దది. అది నాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది.

శవం అరటిపండు తింటుంది

నాలుగో రోజు యాదమ్మ నన్ను షూటింగుకు తీసుకెళ్ళింది. దగ్గర్లోనే ఒక మేడ, అద్దెకు తీసుకున్నారు. వాకిట్లో పాడె, పాడె మీద ఒక మనిషి, చుట్టూ తెల్లచీరల్లో పన్నెండుమంది ఆడవాళ్ళు. కళ్ళల్లో ఏదో మందు చుక్కలు వేశారు. ఒకాయన చెయ్యి ఊపగానే పన్నెండుమందీ ఒక్కసారి గొల్లుమన్నారు. యాదమ్మ గుండెలు బాదుకుని, "నన్నొదిలేసి పోతివా బావా" అని పడిపోయింది. తెలిసి కూడా నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇంతలో చాలన్నారు. శవం లేచి కూర్చుని అరటిపండు ఒలుచుకున్నాడు.

ఆ తర్వాతది చూడండి. ఏడ్చిన ఆడవాళ్ళకు వరసగా కుర్చీలు వేశారు. బకెట్టుతో చల్లని నీళ్ళు తెచ్చారు. మొహాలు కడుక్కున్నారు, చాయ్ ఇచ్చారు. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఎప్పుడూ ఇంతేనా?" అన్నాను.

"ఏడ్పు షాట్ అయినంక జరసేపు ఇడిసిపెడ్తరు పెద్దమ్మా. ఉత్తుత్తి ఏడ్పే గానీ పెయ్యికి ఎరుక ఉంటదా ఉత్తుత్తిదని? గుండె దడదడ కొట్టుకుంటది. నిమ్మలం కాకుంటే ఇంకో షాట్‌ల నవ్వమంటే నవ్వు రాదు."

పెయ్యి అంటే ఒళ్ళట. ఆ మాట నేను ఆ పూట పెద్దగా పట్టించుకోలేదు. అరటిపండు శవాన్ని తలచుకుని ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

పదమూడో మంచం

ఐదో రోజు రత్నం డ్యూటీ రెండింటికి అయిపోవాలి. దీపాలు పెట్టే వేళకు వచ్చింది. చెప్పులు విప్పడానికి కూడా ఓపిక లేక గడప మీద కూర్చుండిపోయింది. ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు నొక్కుకుంటోంది.

"షెడ్డులో ఎవరో పెద్దావిడ చెప్పిందట అమ్మమ్మా. నేను తప్ప ఇంకెవరు సూది తెచ్చినా చెయ్యి ఇవ్వొద్దని. ఇవాళ ఒక్కరు కూడా సునీతకు చెయ్యి ఇవ్వలేదు. డ్యూటీ దిగిపోతుంటే వెనక్కి పిలిచారు. అన్నీ నేనే పెట్టాను."

ఆ పెద్దావిడ ఎవరో దానికి తెలుసు. నా వైపు చూడకుండా చెప్పింది, అంతే. నాకు నేల బీటలిచ్చి మింగితే బాగుండుననిపించింది. చెంబుతో నీళ్ళు తెచ్చి దాని కాళ్ళు నేనే కడిగాను. వద్దని కాళ్ళు లాక్కుంటే గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు నోరు విప్పింది.

పదమూడో మంచం మీద ఒక రిటైరైన బడిపంతులు ఉన్నాడట. ఆయన జబ్బేమిటో ఆయనకు చెప్పొద్దని, కడుపులో పుండు అని చెప్పమని కొడుకులు నర్సుల దగ్గర మాట తీసుకున్నారు. అక్కడ చాలా ఇళ్ళవాళ్ళు అంతేనట. ఆయన రోజూ, "నాదేం జబ్బు సిస్టరమ్మా?" అని అడగడం, ఇది రోజూ, "పుండండీ మాస్టారూ, తగ్గిపోతుంది" అనడం. డాక్టరుగారు రోజుకి ఒకసారి వచ్చి వెళ్తారు. అబద్ధం ఎనిమిది గంటలూ నిలబడి మోసేది నర్సులు.

"ఇవాళ పొద్దున్న నా చెయ్యి పట్టుకుని, నీకు అబద్ధం చెప్పడం రాదమ్మా, ఇంక మానెయ్ అన్నారు. మరి కాసేపటికి పోయారు. కొడుకులు ఇంకా రాలేదు. నేనే కళ్ళు మూశాను. దుప్పటి మార్చాను. మార్చేలోపే ఇంకో పేషంటును తోసుకొచ్చారు. మంచం ఇంకా వెచ్చగానే ఉంది అమ్మమ్మా. దాని మీదే పడుకోబెట్టి, నవ్వి, చెయ్యి చాపండి బాబాయిగారూ అన్నాను. ఆ చేత్తోనే."

మా ఇంట్లో చావు చూసొచ్చినవాళ్ళను తలమీద నీళ్ళు పోసుకునేదాకా గడప తొక్కనివ్వను. మైల అంటాం. అది అంటు గురించి అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ నీళ్ళు పోసుకునే కాసేపు మనిషి ఆగుతుందని, ఆగడానికే పెద్దలు ఆ ఏర్పాటు చేశారేమోనని ఆ గడప మీద తోచింది. నా మనవరాలు ఒక చావు నుంచి ఇంకో మంచానికి, మధ్యలో ఒక్క చెంబు నీళ్ళు కూడా లేకుండా నడుస్తోంది.

"మానేస్తాను అమ్మమ్మా. కాగితం రాసి పెట్టెలో పెట్టుకున్నాను. సోమవారం ఇచ్చేస్తాను. నాకు వాళ్ళ మీద జాలి కూడా రావట్లేదు. జాలి లేని నర్సు ఉండకూడదు."

మామూలుగా అయితే, ఉద్యోగం మానేసి ఏం తింటావే అని అరిచేదాన్ని. ఆ రోజు పెరుగన్నం కలిపి నాలుగు ముద్దలు నోట్లో పెట్టాను. సగం మింగి నిద్రపోయింది.

టోలిచౌకిలో కొన్న స్టూలు

మర్నాడు యాదమ్మను వెంటబెట్టుకుని టోలిచౌకి వెళ్ళాను. అక్కడ సామాన్ల కొట్లు చాలా ఉన్నాయి. గాజులు, గిన్నెలు, ఇరానీ చాయ్ వాసన. గడ్డం పెద్దాయన కొట్లో కర్ర స్టూలు ఒకటి నచ్చింది. ఎనభై చెప్పాడు. నలభై అన్నాను. యాదమ్మ మధ్యలో, "ఆస్పత్రికి చాచా, నర్సమ్మలు కూసునేటందుకు" అంది. ఆయన స్టూలు తిరగేసి, కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో ఒక్కోటీ కదిపి చూసి, యాభైకి ఇచ్చాడు. ఇరానీ చాయ్ తాగాను. తీపి ఎక్కువ, పాలు చిక్కన. బాగుందని చెప్పక తప్పదు.

స్టూలు నెత్తిన పెట్టుకుని పెద్ద సిస్టరమ్మ గదికి వెళ్ళాను. వార్డుకు పెద్ద ఆవిడ. గుంటూరు మనిషి, నెరిసిన జుట్టు, కోపంగా ఉండే మొహం. మొహం చూస్తే నా తోబుట్టువేమో అనిపించింది.

"ఇది వార్డులో పెట్టుకోండి" అన్నాను.

"కుర్చీలు వద్దని ఆర్డరండీ."

"ఇది కుర్చీ కాదుగా, స్టూలు."

ఆవిడ పెదవి కాస్త కదిలింది. కూర్చోమంది. షెడ్డులో ఆ మాటలు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. పదమూడో మంచం సంగతి చెప్పాను. షూటింగు సంగతి కూడా చెప్పాను. ఉత్తుత్తి చావు దగ్గర ఏడ్చిన వాళ్ళకు కుర్చీ, చన్నీళ్ళు, చాయ్; నిజం చావు దగ్గర కళ్ళు మూసిన పిల్లకు ఇంకో మంచం. మొదట ఆవిడ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"తప్పు మీదొక్కరిదే కాదండీ. కష్టమైన నరం అంటే రత్నం, పోయేవాళ్ళ దగ్గర కూర్చోవాలంటే రత్నం, సెలవు రద్దు చెయ్యాలన్నా రత్నం. కాదనదు కదా అని నేనే చేశాను. బాగా లాగే ఎద్దునే కాడికి కడతాం. ఇరవై ఏళ్ళ కిందట నన్నూ ఇలాగే కట్టారు. నర్సుల్ని పెంచమని రాస్తూనే ఉన్నాను. అది నా చేతిలో లేదు" అంది.

"చేతిలో ఉన్నదేదో చెయ్యండి."

ఆవిడ కాగితం తీసింది. కష్టమైన నరాలు పెట్టడం వచ్చినవాళ్ళు వార్డులో నలుగురున్నారు. ఇక ఒక్కో రోజు ఒక్కొక్కరిది. తేలిక నరాలు సునీత పెట్టాలి, పక్కన ఒకరు నిలబడాలి. ఎవరి చేతిలో రోగి పోతే వాళ్ళు దుప్పట్ల గదిలో ఆ స్టూలు మీద పావుగంట కూర్చోవాలి, వాళ్ళ మంచాలు ఇంకొకరు చూడాలి, అవసరమైతే తనే చూస్తానంది. వారానికొక రోజు సెలవు తన సంతకం లేకుండా రద్దు కాదు.

"అన్నీ రాస్తాను. కానీ పేషంట్లు సునీతకు చెయ్యి ఇవ్వకపోతే నేనేం చెయ్యను?"

"ఆ ముడి వేసింది నేను. నేనే విప్పుతాను" అన్నాను.

నా చెయ్యి

ఏడో రోజు పొద్దున్న షెడ్డు మధ్యలో పీట వేయించుకుని కూర్చున్నాను. నాకు షుగరు ఉందేమో పరీక్ష చెయ్యాలని పెద్ద సిస్టరమ్మ కాగితం రాసి, రక్తం తీయడానికి సునీతను పంపింది. ఇరవై ఏళ్ళ పిల్ల. పళ్ళెం పట్టుకుని, ఉరికంబానికి వెళ్తున్నట్టు వచ్చింది. చుట్టూ లచ్చమ్మ, మిగతావాళ్ళు.

"రత్నం సిస్టర్ని పిలువరాదు పెద్దమ్మా? నీ మనుమరాలే గదా!" అంది లచ్చమ్మ.

"దానిది మంచి చెయ్యే. ఈ పిల్లది కూడా మంచి చెయ్యే. నేను మొన్న తెలియక వాగాను" అని ఎడమచెయ్యి చాపాను.

సునీత చేతికి పట్టీ బిగించి నరం వెతికింది. మొదటిసారి గుచ్చింది. తప్పింది. సూది లోపల తిరిగినప్పుడు, నలుగురు పిల్లల్ని కన్నదాన్ని, నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మొహం మాత్రం కదపలేదు. చుట్టూ చూస్తున్న ఇరవై జతల కళ్ళ వైపు చూస్తూ, "ఏం వండుకున్నావు లచ్చమ్మా ఇవాళ?" అన్నాను.

"బెండకాయ కూర. ఏంది పెద్దమ్మా, నొస్తలేదా?"

"చీమ కుట్టినట్టు కూడా లేదు."

సునీత కళ్ళెత్తి నా వైపు చూసింది. తప్పిందని దానికి తెలుసు, నాకూ తెలుసు. నేను మెల్లిగా, "నిదానంగా కానీ అమ్మా, నాకు పొలం పనేం లేదిప్పుడు" అన్నాను. ఆ పిల్ల గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. రెండోసారి సూది సరిగ్గా దిగింది. గాజుగొట్టంలోకి రక్తం వచ్చింది. ఆశ్చర్యం, ఈసారి నిజంగానే పెద్దగా నొప్పి లేదు.

"చూశారా! హస్తవాసి ఒక్కరికే రాసిపెట్టి ఉండదు. పదిమంది చెయ్యి ఇస్తేనే వస్తుంది. రత్నానికి కూడా అలాగే వచ్చింది. మీరందరూ ఒక్క చేతినే పీక్కు తింటే, ఆ చెయ్యి కూడా పోతుంది. అప్పుడు మీ వాళ్ళకు ఎవరు పెడతారు?"

లచ్చమ్మ ముందుకు జరిగి, "రేపు మావోనికి నువ్వే పెట్టు బిడ్డా. ఎడమచేతి నరం ఇంక మెత్తగనే ఉన్నది. చెయ్యి దాస్తే నేను పట్టుకుంట" అంది సునీతతో.

గుచ్చిన చోట కోడిగుడ్డంత నల్లబడింది. కొంగు కప్పి దాచుకున్నాను. సునీత పళ్ళెం సర్దుకుంటూ వంగి, "అమ్మమ్మా, నొప్పి అయిందని నాకెరుకే" అంది నెమ్మదిగా. "నోరు మూసుకుని పనికి పో" అన్నాను.

ఆ పరీక్షలో నాకు షుగరు ఉందని తేలింది. సున్నుండలు మొత్తం యాదమ్మకు ఇచ్చేశాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం

సోమవారం వచ్చింది. ఆ రోజు సాయంత్రమే నా రైలు. ఉదయం డ్యూటీకి వెళ్తూ రత్నం పెట్టె తెరిచింది, మూసింది. కాగితం తీసుకుందో లేదో నేను చూడలేదు. చూడకూడదని గోడ వైపు తిరిగి మూట కట్టుకున్నాను.

డ్యూటీ రెండింటికి అయింది. రెండున్నరకు గుమ్మంలో ఉంది. నేను వచ్చాక అంత పొద్దుండగా ఇంటికి రావడం అదే మొదలు. పళ్ళెం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నాక నేనే అడిగాను.

"కాగితం ఇచ్చావా?"

"లేదు. పెట్టెలోనే ఉంది. చింపెయ్యమంటావా?"

చింపెయ్యమనే నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం, జీతం, నేను పాలమ్మి దానికి కట్టిన నర్సు చదువు ఫీజు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. కానీ ఆ వార్డులో నిలబడేది అది, నేను కాదు. స్టూలు ఒక్కటే, మంచాలు ముప్పై. పెద్ద సిస్టరమ్మ రాసిన కాగితాన్ని పైవాళ్ళు ఎన్నాళ్ళు ఉంచుతారో ఎవరికి తెలుసు?

"వద్దు. ఉంచుకో" అన్నాను. "మళ్ళీ ఏదీ అనిపించని రోజు వస్తే, నన్ను కూడా అడక్కుండా ఇచ్చేసి ఇంటికి రా. నేను ఒక్క మాట అనను."

రత్నం చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. నావైపు చాలాసేపు చూసింది. కళ్ళు నిండాయి గానీ, తుడుచుకోలేదు. మళ్ళీ కలుపుకుని తిన్నది. కాసేపటికి, "అమ్మమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా?" అంది.

"ఏమైంది?"

"నలుగురు సునీత సిస్టరే కావాలన్నారు. లచ్చమ్మ వాళ్ళాయన కూడా. నేను వెళ్తే, నువ్వొద్దు, ఆ పిల్లను పిలువు, ఆమె చెయ్యి మంచిగున్నది అన్నాడు."

"మంచిదేగా?"

"మంచిదే." ఒక మెతుకు ఏరి పక్కన పెట్టింది. "కానీ కొంచెం కుళ్ళొచ్చింది నాకు."

అని నవ్వింది. పెళ్ళిపందిట్లో నేను వెతికిన నవ్వు అది.

"కుళ్ళుకుంటే కుళ్ళుకున్నావు గానీ, పెరుగు వేసుకో" అన్నాను.